కుంకుమ, సింధూరం, కాటుక: సీసం భయం లేకుండా ఏది ఎంచుకోవాలి?

విజయవాడ వన్‌టౌన్‌లోనో, గుంటూరు పట్నంబజారులోనో పూజా సామగ్రి దుకాణం ముందు నిలబడితే, ఒకే వరుసలో పెట్టిన మూడు నాలుగు రకాల ఎర్ర పొడులు కనిపిస్తాయి. ఒకటి ముదురు ఎరుపు, ఒకటి గులాబీ ఛాయ కలిసిన ఎరుపు, ఇంకొకటి కళ్లు జిగేల్‌మనిపించే నారింజ. కొనేవారు చిటికెడు తీసి ముంజేతి మీద రాసుకుని, వాసన చూసి, మెరుపు ఎక్కువగా ఉన్నదాన్ని పొట్లం కట్టించుకుంటారు. అయితే రంగూ వాసనా మెరుపూ, వీటిలో ఏ ఒక్కటీ ఆ పొడిలో సీసం గానీ పాదరసం గానీ ఉన్నదీ లేనిదీ చెప్పలేదు. ఎంచుకునేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్నలు రెండే: ఈ పొడిని దేనితో తయారు చేశారు, ఇది చివరికి ఎవరి నోటికి చేరుతుంది?

రెండో ప్రశ్న చాలామందికి వింతగా తోచవచ్చు. బొట్టు నుదుట పెట్టుకునేదే కదా, నోటితో దానికి పనేమిటి అనిపిస్తుంది. నిజానికి సింధూరంలో ఉండే రకం సీసం ఆరోగ్యంగా ఉన్న చర్మం గుండా లోపలికి వెళ్లేది చాలా తక్కువ. అది ఒంట్లోకి చేరే ముఖ్యమైన దారి చేయి, నోరు. శ్రావణ శుక్రవారం పేరంటాన్ని ఒకసారి దగ్గరగా గమనించండి. ఇల్లాలు వచ్చినవారి పాదాలకు పసుపు రాస్తుంది, మెడకు గంధం పూస్తుంది, నుదుట కుంకుమ పెడుతుంది, ఆ వెంటనే అదే చేత్తో నానబెట్టిన సెనగలు, తాంబూలం వాయనంగా ఇస్తుంది. ఆమె వేలి గోరు సందున ఎర్రటి గీత అప్పటికీ అలాగే ఉంటుంది. ఇంటికి వెళ్లాక ఆ సెనగలు ముందుగా తినేది పిల్లలే. సహస్రనామ కుంకుమార్చన చేసేవారైతే వెయ్యి నామాలకూ వెయ్యిసార్లు మూడు వేళ్లతో కుంకుమ తీస్తారు, తరువాత ప్రసాదం పంచుతారు. ఆచారంలో లోపమేమీ లేదు. ఆ చేతిలో ఉన్న పొడి ఎటువంటిది అన్నదే అసలు విషయం.

పిల్లల గురించి ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. నోటి ద్వారా వెళ్లిన సీసాన్ని పెద్దల కంటే చిన్నపిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకోగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇనుము, కాల్షియం తక్కువగా ఉన్న పిల్లలలో ఇది మరింత పెరుగుతుంది. ఒంట్లోకి చేరిన సీసం ఎముకలలో ఏళ్ల తరబడి నిలిచిపోయి, గర్భం దాల్చినప్పుడు తిరిగి రక్తంలోకి వచ్చి, తల్లి నుంచి గర్భస్థ శిశువుకు చేరుతుంది. రక్తంలో ఇంతవరకు ఉంటే ప్రమాదం లేదని చెప్పగల మోతాదు ఏదీ తెలియదు. భారతదేశంలో సుమారు 27.5 కోట్ల మంది పిల్లల రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించిన సీసం ఉన్నట్లు 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి వెలువరించిన నివేదిక అంచనా వేసింది. అదంతా బొట్టు వల్ల వచ్చింది కాదు. పాత బ్యాటరీల నుంచి సీసం తీసే పని, రంగులు, పాత్రలు, మసాలా పొడులు, అన్నింటికీ అందులో వాటా ఉంది. మిగిలిన వాటిలో చాలావరకు మన చేతిలో లేవు. కుంకుమ భరిణెలో ఏది పోసుకోవాలో మాత్రం పూర్తిగా మన నిర్ణయమే.

కుంకుమకూ సింధూరానికీ ఉన్న దూరం

ఈ రెండింటినీ ఒకే వస్తువుకు రెండు పేర్లనుకోవడం దగ్గరే మొదటి ప్రమాదం ఉంది. సంప్రదాయ కుంకుమ పసుపు నుంచి వచ్చినది. పసుపులోని కుర్కుమిన్ సున్నం వంటి క్షారం తగిలితే ఎర్రబడుతుంది. నిమ్మరసంలో వెలిగారంతో (బోరాక్స్) కలిసినా ఎర్రబడుతుంది. నారింజ సింధూరం సంగతి వేరు. పాత పద్ధతిలో అది సీసాన్ని కాల్చి చేసే ఎర్ర సీసం. శుద్ధమైన ఎర్ర సీసంలో బరువు లెక్కన నూటికి 90 పాళ్లు సీసమే. సంప్రదాయంగా వచ్చిన మరో ఎర్ర పొడి ఇంగిలీకం, ఇది పాదరసం, గంధకం కలిసిన ఖనిజం. అందులో నూటికి 86 పాళ్లు పాదరసం. నేడు అమ్ముతున్న సింధూరాలన్నీ ఇలాంటివే అనలేము. చాలా వాటిలో పిండి పదార్థానికి కృత్రిమ రంగు కలుపుతారు. కానీ ఏ పొట్లంలో ఏది ఉందో బయటి నుంచి తెలుసుకునే మార్గం లేదు.

అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు న్యూజెర్సీ దుకాణాలలో 95, భారతదేశంలో 23, మొత్తం 118 సింధూరం నమూనాలను పరీక్షించి 2017లో ఫలితాలను ప్రచురించారు. గ్రాముకు 20 మైక్రోగ్రాముల సీసం అన్న అమెరికా పరిమితిని అక్కడి నమూనాలలో 19 శాతం, భారతదేశపు నమూనాలలో 43 శాతం దాటాయి. రెండు చోట్లా అత్యధికంగా కనిపించిన మోతాదు గ్రాముకు 3 లక్షల మైక్రోగ్రాముల పైమాటే, అంటే ఆ పొడిలో మూడో వంతుకు దగ్గరగా సీసమే ఉంది. నమూనాల సంఖ్య చిన్నది. మన ఊరి దుకాణాల పరిస్థితి ఇదేనని దీన్నిబట్టి తీర్పు చెప్పకూడదు. అయినా ఒకే పేరుతో అమ్మే పొడిలో దాదాపు ఏమీ లేకపోవడం దగ్గర నుంచి మూడో వంతు సీసం ఉండడం వరకు తేడా ఉండవచ్చునన్న సంగతి మాత్రం దీనివల్ల రుజువైంది.

ఆ తేడా ఎంతటిదో చిన్న లెక్కతో తెలుస్తుంది. పాకే వయసు పిల్లవాడు తల్లి నుదుటిని తడిమి వేలు నోట్లో పెట్టుకున్నాడనుకుందాం. లోపలికి వెళ్లిన పొడి 10 మిల్లీగ్రాములనుకుందాం, అంటే గ్రాములో నూరో వంతు. పరిమితికి లోబడిన పొడి అయితే వాడికి చేరిన సీసం 0.2 మైక్రోగ్రాము. మూడో వంతుకు చేరువగా సీసం ఉన్న పొడి అయితే 3,000 మైక్రోగ్రాములు. పిల్లలకు ఆహారం ద్వారా రోజుకు 2.2 మైక్రోగ్రాములు, గర్భం దాల్చే వయసు స్త్రీలకు 8.8 మైక్రోగ్రాములు మించకుండా చూడాలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ పెట్టుకున్న హద్దుతో ఈ అంకెలను పోల్చి చూడండి. అందుకే నా సలహాలో మొహమాటం లేదు: పాపిడిలో పెట్టుకోవడానికి నారింజ సింధూరం వద్దు. పాపిడి బొట్టు పెట్టుకునే అలవాటు ఉన్నవారు పసుపుతో చేసిన కుంకుమనే పాపిడిలోనూ పెట్టుకోవచ్చు. రంగు కాస్త ముదురుగా ఉంటుంది, అంతే.

ఆంజనేయస్వామికి సింధూరం పూసే ఆచారం ఉన్న ఇళ్లలో దాన్ని మానమని నేను చెప్పను. ఆ డబ్బాను కుంకుమ భరిణె పక్కన పెట్టకుండా పిల్లలకు అందని చోట విడిగా ఉంచి, పూత పూసిన వెంటనే సబ్బుతో చేతులు కడుక్కుని, ఆ తరువాతే ప్రసాదం ముట్టుకోవాలి. ఆ సింధూరాన్ని పసిపిల్లల నుదుట పెట్టకూడదు. ఆలయం నుంచి తెచ్చినదైనా ఇదే పద్ధతి మేలు. స్వామి పాదాల దగ్గర నుంచి వచ్చిందన్న భక్తి ఒకటి, దాన్ని ఏ కర్మాగారంలో తయారు చేశారన్నది మరొకటి.

కుంకుమలోనూ అన్నీ ఒకటి కావు

విడిగా తూకానికి అమ్మే చవక కుంకుమ, కంపెనీ ముద్ర ఉన్న ప్యాకెట్ కుంకుమ, పసుపు కొమ్ములతో ఇంట్లోనో తెలిసినవారి దగ్గరో చేయించుకున్న కుంకుమ. మన ముందున్నవి ఈ మూడు దారులు.

మొదటిదాని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. తయారీదారు పేరు ఉండదు, పదార్థాల వివరం ఉండదు, తేడా వస్తే అడిగే దిక్కు ఉండదు. ముగ్గుల పక్కన చల్లడానికో, గడపకు పెట్టడానికో అయినా సరే, పిల్లలు పాకే ఇంట్లో దాన్ని వాడవద్దనే అంటాను.

ప్యాకెట్ కుంకుమ కొనేవారు ముందువైపు బొమ్మను వదిలి వెనుకవైపు చదవాలి. సౌందర్య సాధనంగా అమ్మే వస్తువు మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, పదార్థాల జాబితా ఉండాలి. మన దేశంలో 2020 నాటి సౌందర్య సాధనాల నియమాలు రంగు కోసం సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలు కలపడాన్ని నిషేధించాయి. వాడే రంగులలో మలినంగా సీసం పది లక్షల పాళ్లలో 20 పాళ్లు, ఆర్సెనిక్ 2 పాళ్లు మించకూడదు. కంటి కోసం కాని సాధనాలలో అనుకోకుండా చేరిన పాదరసం 1 పాలు దాటకూడదు. ఇక్కడ ఒక చిన్న మాట మీద కన్ను వేసి ఉంచాలి. ప్యాకెట్ మీద ‘పూజకు మాత్రమే’ అని ఉంటే, ఇది ఒంటికి పెట్టుకునే వస్తువని తయారీదారు పూచీ పడడం లేదన్నమాట. అటువంటిదాన్ని నుదుట పెట్టుకోవద్దు. ‘హెర్బల్’, ‘నేచురల్’, ‘సంప్రదాయ’ అన్న ముద్రలకు సీసం విషయంలో ఏ విలువా లేదు. ఎర్ర సీసమూ ఇంగిలీకమూ కూడా సంప్రదాయంగా వచ్చినవే.

లైసెన్సు ఉన్న కుంకుమలోనూ కృత్రిమ రంగుల వల్ల మరో ఇబ్బంది రావచ్చు. కొన్ని అజో రంగులు పడని వారికి బొట్టు పెట్టుకునే చోట దురద వచ్చి, ఆపైన చర్మం నల్లగా మారుతుంది. ఇది లోహాల సమస్య కాదు, కానీ ఎంపికలో లెక్కలోకి తీసుకోవలసిందే.

ఇక మూడోది. కృష్ణా, గుంటూరు జిల్లాలవారికి ఇందులో ఇతరులకు లేని సౌకర్యం ఉంది. దుగ్గిరాల పసుపు యార్డు విజయవాడ నుంచి తెనాలి వెళ్లే దారిలోనే ఉంది. కాస్త పూనిక ఉంటే రైతు దగ్గర నుంచే కొమ్ములు తెచ్చుకోవచ్చు. తెచ్చుకునేటప్పుడు పాలిష్ పట్టని కొమ్ములనే అడగండి. కారణం ఇది: పసుపును ఉడికించి ఎండబెట్టాక డ్రమ్ములలో వేసి పైపొర పోయేలా తిప్పుతారు. రంగు కలపాలనుకునేవారు కలిపేది ఆ దశలోనే. బంగ్లాదేశ్‌లో ఈ దశలో సీసం క్రోమేట్ అనే పసుపుపచ్చ రంగును కలుపుతున్నారని 2019లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఆ తరువాత అక్కడి ప్రభుత్వం గట్టి చర్యలు తీసుకోగా, మార్కెట్ పసుపు నమూనాలలో సీసం కనిపించినవి 2019లో 47 శాతం ఉండగా 2021 నాటికి ఒక్కటీ లేకుండా పోయాయి. దుగ్గిరాల రైతు మీద ఇందులో ఏ నిందా లేదు. ఏ పసుపైనా కొమ్ము రూపంలో, మట్టి ఛాయతో, ముడతలతో ఉన్నప్పుడు కల్తీకి అవకాశం తక్కువ. అద్దంలా మెరిసే కొమ్మును, పొడి చేసి అమ్మే పసుపును అంతగా నమ్మలేము. పాదాలకూ ముఖానికీ రాసుకునే పసుపుకూ ఇదే వర్తిస్తుంది. గ్లాసు నీళ్లలో కొమ్ము వేసిన వెంటనే నీళ్లు చిక్కటి పసుపుపచ్చగా మారితే దాన్ని పక్కన పెట్టమని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ చెప్పే సులువైన పరీక్ష కూడా ఉంది.

కుంకుమ చేసే పద్ధతి పెద్దవారికి తెలిసినదే. కొమ్ములను ముక్కలుగా కొట్టి, పటిక, వెలిగారం కలిపిన నిమ్మరసంలో వేసి, రోజూ కలియబెడుతూ, రసం ఇంకి ముక్క లోపలి దాకా ఎర్రబడ్డాక నీడన ఆరబెట్టి, దంచి, వస్త్రగాళితం పట్టి, చివరకు కొద్దిగా నెయ్యి చేర్చాలి. ఇందులో పాత్ర ఎంపికను ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోవాలి. పుల్లని రసం పింగాణీ జాడీ పూతలో ఉన్న సీసాన్ని లాగుతుంది. ఇత్తడి గిన్నె కళాయిలో తగరంతో పాటు సీసం కలిసి ఉంటే దాన్నీ లాగుతుంది. స్టీలు గిన్నె గానీ గాజు పాత్ర గానీ వాడండి. వెలిగారం కడుపులోకి పోకూడని వస్తువు కనుక ఈ కుంకుమ కూడా తినదగినది కాదు. చేతులు కడుక్కోవడం దీనికీ తప్పదు. పది ఇళ్లవారు కలిసి ఏడాదికి ఒకసారి చేసుకుంటే శ్రమ పెద్దగా అనిపించదు, దసరా నవరాత్రుల అర్చనలకు కూడా సరిపోతుంది. వీలున్నవారికి నేను మొదటగా సూచించేది ఇదే. వీలు లేనివారికి పదార్థాల జాబితా, లైసెన్సు నంబరు స్పష్టంగా ఉన్న ప్యాకెట్ రెండో ఎంపిక.

బొట్టు బిళ్లలు, తిలకం

బొట్టు బిళ్లలో పొడి రాలదు కనుక సీసం పిల్లల నోటికి చేరే భయం చాలా తక్కువ. దాని ఇబ్బంది జిగురులో ఉంది. కొన్ని జిగుర్లలో వాడే ఒక ఫినాల్ రెసిన్ వల్ల బిళ్ల అంటించే చోట చర్మం రంగు కోల్పోయి తెల్లమచ్చ పడుతుంది. దురద గానీ తెలుపు గానీ కనబడితే వెంటనే మానేయాలి, రాత్రి పడుకునేముందు బిళ్ల తీసేయాలి. పసిబిడ్డ ఉన్న తల్లికి, పేరంటాలు లేని మామూలు రోజుల్లో బిళ్ల మంచి ఎంపికే. సీసాలో వచ్చే తిలకానికి ప్యాకెట్ కుంకుమకు చెప్పిన జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి.

కంటికి పెట్టేవి

ఇక్కడ మాత్రం బేరం లేదు. సుర్మా పేరుతో వచ్చే మెరిసే నల్లని పొడిలో చాలాసార్లు ఉండేది గలీనా అనే సీసపు ఖనిజం. శుద్ధమైన గలీనాలో నూటికి 86 పాళ్లు సీసం. నూరిన ఖనిజాన్ని కంట్లో పెడితే కన్నీటితో కలిసి ముక్కులోకి, గొంతులోకి దిగుతుంది, నలిపిన వేలితో నోటికీ చేరుతుంది. ఎవరు తెచ్చి ఇచ్చినా, ఎంత పవిత్రమైన చోటు నుంచి వచ్చినా పిల్లల కంటికి సుర్మా వద్దు. పెద్దలకూ వద్దు.

ఆముదం దీపపు మసితో చేసే ఇంటి కాటుక దీనికి పూర్తిగా భిన్నం. అది ప్రధానంగా బొగ్గు మసి, ఆముదమో నెయ్యో. మసి పట్టే పళ్లెం ఇత్తడిది కాకుండా స్టీలుదో వెండిదో అయితే గీరేటప్పుడు లోహపు రజను కలిసే భయమూ ఉండదు. పెద్దలు పెట్టుకోవడానికి కొన్న కాటుక కంటే నేను దీన్నే ఇష్టపడతాను. పసిబిడ్డ కంటికి మాత్రం ఇదీ పెట్టకూడదు. వేలి మురికితో కన్ను ఎర్రబడి పుసి పట్టడానికి ఆ ఒక్క చుక్క చాలు.

మరి దిష్టి చుక్క? దానికి మన వైపు ఎప్పటి నుంచో చక్కని ఉపాయం ఉంది, సగ్గుబియ్యం చాదు. సగ్గుబియ్యాన్ని మూకుడులో బాగా నల్లబడేదాకా మాడ్చి, నీళ్లు పోసి చిక్కగా ఉడికించి, వడగట్టి, కొబ్బరి చిప్పలో పోసి ఎండబెడతారు. కావలసినప్పుడు ఒక నీటి చుక్క వేసి వేలితో రుద్దితే నల్లగా, నున్నగా బొట్టు వస్తుంది. బుగ్గ మీదో అరికాలిలోనో పెట్టవచ్చు. బిడ్డ కాస్త నాకినా లోపలికి పోయేది మాడిన పిండే. పసివారికి ఈ వ్యాసంలో చెప్పిన వాటన్నింటిలోకీ మేలైనది ఇదేనని నిస్సంకోచంగా చెబుతాను. కొనే చాదు అయితే అందులో ఏముందో మళ్లీ అడగవలసిందే.

పరీక్షించాలంటే

నిమ్మరసం చుక్క వేస్తే సున్నంతో చేసిన కుంకుమ పసుపుపచ్చగా మారుతుంది. అందులో నిజంగా పసుపు ఉందని దీనివల్ల తెలుస్తుంది, సీసం లేదని తెలియదు. బరువు మరికొంత చెబుతుంది: ఎర్ర సీసం నీటి కంటే ఎనిమిది రెట్లు బరువైనది, కనుక అదే చెంచాడు కుంకుమతో పోల్చినప్పుడు నారింజ పొడి చేతికి రెండు మూడింతలు బరువుగా తగిలితే మరో ఆలోచన లేకుండా పారేయండి. తేలికగా ఉంటే మాత్రం ధైర్యపడవద్దు, ఎందుకంటే ఒక్క శాతం సీసం బరువులో కనబడదు గానీ అది కూడా పరిమితికి 500 రెట్లు. సీసం తగిలితే ఎర్రబడే పరీక్ష పట్టీలు ఎర్ర పొడి మీద పనికిరావు.

నిజం తేలేది ప్రయోగశాలలోనే. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టంలోని 26వ సెక్షన్ ప్రకారం, కొన్న సౌందర్య సాధనాన్ని ఎవరైనా రుసుము చెల్లించి ప్రభుత్వ విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకుని సంతకం చేసిన నివేదిక పొందవచ్చు. పసుపు ఆహార పదార్థం కనుక 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని 40వ సెక్షన్ అదే హక్కు ఇస్తుంది. ఒక్కరికి ఖర్చు భారమైతే అపార్ట్‌మెంటువారో, భజన బృందంవారో, లలితా పారాయణం చేసే మహిళలో కలిసి, తాము వాడే కుంకుమను ఒకసారి పంపించవచ్చు. బిల్లు, ప్యాకెట్ మీది బ్యాచ్ నంబరు దాచి ఉంచండి.

ఏళ్ల తరబడి నారింజ సింధూరమో సుర్మానో వాడిన ఇంట్లో చిన్నపిల్లలు గానీ గర్భిణి గానీ ఉంటే, వైద్యుడికి ఆ సంగతి విడమరిచి చెప్పి రక్తంలో సీసం పరీక్ష రాయించుకోవాలి. అడగకపోతే వైద్యులకు ఈ ఆలోచన తట్టకపోవచ్చు. రక్తహీనత, కడుపునొప్పి, మలబద్ధకం, చదువులో వెనుకబాటు వంటి లక్షణాలకు వేరే కారణాలు ఎన్నో ఉంటాయి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి వస్తే సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పిల్లలలో 45, అంతకు మించితే సీసాన్ని బయటకు తీసే మందులు అవసరమవుతాయి. అంతకు తక్కువ ఉన్న చాలామందికి ఆ పొడిని ఇంట్లోంచి తీసేయడం, ఇనుము, కాల్షియం ఉన్న మంచి తిండి పెట్టడమే ముఖ్యమైన వైద్యం.

పాత డబ్బాలో మిగిలిన సింధూరాన్ని పూజా ద్రవ్యమని కృష్ణలో కలపవద్దు, తులసికోటలోనూ మొక్కల మొదట్లోనూ పోయవద్దు. సీసం మట్టిలో కరిగి మాయమయ్యేది కాదు. మూత బిగించి, కవరులో చుట్టి, పైన ‘సీసం ఉంది’ అని రాసి, తడి చెత్త, పొడి చెత్తలతో కలపకుండా ఇంట్లోని ప్రమాదకర చెత్తగా పారిశుధ్య సిబ్బందికి విడిగా అందించండి. ఆ డబ్బా ఉన్న అరను చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డనూ అదే కవరులో వేయండి.